వినేవాళ్ల చరిత్ర: తెలుగునాట క్రైస్తవ ప్రసారాలు

హైదరాబాదు నుంచి నర్సాపూరు మీదుగా మెదక్ పోయే రోడ్డులో గండిమైసమ్మ చౌరస్తా దాటితే దుండిగల్ వస్తుంది. యీ వూరికి ఆకాశంతో లావాదేవీ యెక్కువ. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన వైమానిక దళ అకాడమీ యిక్కడే వున్నది. పనిరోజుల్లో శిక్షణ విమానాల మోతకు మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగవలసి వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున ఆ మోత వుండదు. అప్పుడు వినిపించేది మరొకటి. మాలవాడలో, మాదిగవాడలో, కొత్తగా వెలిసిన కాలనీల్లో, నాలుగిళ్లకొక యింట టీవీ మోగుతూ వుంటుంది. అందులో ప్రసంగమో ప్రార్థనో. డిసెంబరు 25న యిదే రోడ్డు మీద బస్సులు కిక్కిరిసి మెదక్ చర్చికి పోతాయి. ఆ చర్చిని పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టి 1924 నాటికి పూర్తిచేయించాడు. కరువు రోజుల్లో కూలికి తిండి పెట్టి కట్టించిన కట్టడమది. దానికి రాళ్లు మోసినవాళ్ల మునిమనుమలు యిప్పుడా బస్సుల్లో వుంటారనడంలో అతిశయోక్తి లేదు.

యీ ప్రసారాలను గురించి మన అభ్యుదయ పక్షాన వినవచ్చే మాటలు రెండే. వొకటి మత్తుమందు, రెండవది విదేశీ ధనం. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. రెండవదానికి సాక్ష్యం ముందుముందు నేనే చూపిస్తాను. కాని ఆ రెండూ మాట్లాడేవాణ్ణి గురించిన మాటలే గాని వినేవాణ్ణి గురించినవి కావు. మతాన్ని మత్తుమందు అన్న మార్క్సు, 1844లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, అది బాధపడేవాళ్ల బాధకు వెల్లడి అని కూడా చెప్పాడు. మనం మందు పేరు పట్టుకొని రోగి పేరు మరిచిపోయాం. తెలుగునాట క్రైస్తవ ప్రసారాలను విన్నవాళ్లెవరు, యెందుకు విన్నారు, విన్న తరవాత వాళ్ల మాటను యెవరైనా విన్నారా అన్నదే నా ప్రశ్న.

ముందుగా గాలి యెవరిదో తేల్చుకోవాలి. తంతివార్తల కోసం పుట్టిన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కిందికే తరవాత రేడియో కూడా వచ్చింది. 1927లో బొంబాయి, కలకత్తాలలో ప్రసారాలు మొదలుపెట్టిన ప్రైవేటు కంపెనీ మూడేళ్లకే దివాలా తీసింది. ప్రభుత్వం ఆ పని చేతికి తీసుకున్నది. 1936లో దానికి ఆల్ యిండియా రేడియో అని పేరు పెట్టారు. 1938లో మద్రాసు కేంద్రం వచ్చింది. యిటు నిజాం రాజ్యంలో మహబూబ్ అలీ అనే వ్యక్తి 1933లో హైదరాబాదులో 200 వాట్ల చిన్న కేంద్రం పెట్టుకుంటే, 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని దక్కన్ రేడియోగా పెంచింది. అక్కడ పెద్దపీట ఉర్దూది. ప్రజల్లో యెక్కువమంది మాట్లాడే తెలుగుకు దక్కింది వో మూల. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయింది; 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రం భారత ప్రభుత్వానికి దఖలుపడింది. తెల్లదొర గాని, నిజాం గాని, స్వతంత్ర ప్రభుత్వం గాని, గాలిని గుప్పిట్లోంచి వదలలేదు.

ఆకాశవాణి భక్తిరంజనిలో క్రైస్తవ గీతాలకు చోటు దొరికింది. బోధకు దొరకలేదు. ప్రభుత్వ రేడియో యే మతానికీ ప్రచారవేదిక కారాదన్న సూత్రం న్యాయమైనదే. దాన్ని నేను తప్పుపట్టను. కాని ఆచరణలో ఆ సూత్రం అందరికీ సమానంగా వర్తించిందా? పురాణ కాలక్షేపం, హరికథ సంస్కృతి పేరుతో లోపలికి నడిచివచ్చాయి. మాలమాదిగల ప్రార్థన మాత్రం మతం పేరుతో గడప దగ్గర ఆగిపోయింది. యీ గడపకు లోపలా బయటా నిలబడిన మనిషి వొకాయన వున్నాడు. గుర్రం జాషువా 1957-59 మధ్య మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. పురాణగాథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు, పంచముడు పద్యం చెప్పడమేమిటని సవర్ణ పండితులు ఆయనను సతాయించారు. చివరికి ఆయన క్రీస్తు చరిత్రకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్రీస్తును తెలుగు పద్యంలోకి తెచ్చిన కవి రేడియోలో నౌకరీ చేస్తున్న కాలంలోనే, క్రీస్తును గురించి రేడియోలో వినగోరిన పల్లె క్రైస్తవుడు సింహళానికి చెవి ఒగ్గవలసి వచ్చింది.

రేడియో సిలోన్ వ్యాపార కేంద్రం. డబ్బు కడితే సమయం అమ్మేది. 1952లో ప్రసారశాఖ మంత్రి అయిన కేస్కర్ ఆకాశవాణిలో సినిమాపాటలను అణచిపెట్టగా శ్రోతలు సిలోన్ వైపు మళ్లిన కథ అందరికీ తెలిసినదే. ఆ తోవనే అమెరికా సువార్తికుల ప్రసంగాలూ వచ్చాయన్నది తక్కువమందికి తెలుసు. ప్రభుత్వం తలుపు మూసిన రెండు వస్తువులూ, సినిమాపాట, సువార్త, వొకే కిటికీలోంచి లోపలపడ్డాయి. తరవాతి కాలంలో క్రైస్తవ పాట సినిమా బాణీని అంత తేలికగా యెందుకు అంది పుచ్చుకున్నదో ఆలోచించేవాళ్లు యీ పొరుగుతనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అటుపైన మిషన్లు సొంత కేంద్రాలే కట్టుకున్నాయి. అయితే వొక్కటీ మన నేల మీద కాదు. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1963 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో కేంద్రం ప్రారంభించి దక్షిణ భారతభాషలకు కూడా ప్రసారం చేసింది. యెత్తుగడలో అది మిగతావాటికన్నా వివేకవంతమైనది. ప్రసారాల్లో సువార్త మూడుపాళ్లు, వ్యవసాయం, ఆరోగ్యం, వార్తలు, చదువు ఏడుపాళ్లు అన్నది దాని నియమం. 1977 మార్చిలో ఇథియోపియా సైనిక విప్లవ ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. హేలీ సెలాసీ చక్రవర్తి దయతో నిలిచిన కేంద్రం ఆయన తరవాత యెంతోకాలం నిలవలేదు. బ్రిటిషు సంస్థ ఫెబా 1970లో సీషెల్స్ దీవుల్లో షార్ట్ వేవ్ కేంద్రం పెట్టింది. దాని స్తంభాలు సముద్రంలో పగడపు దిబ్బ మీద నిలిచాయి. 2003లో అది మూతపడింది. ట్రాన్స్ వరల్డ్ రేడియో 1978 నుంచి సింహళంలోని పుత్తళం నుంచి 400 కిలోవాట్ల మీడియం వేవ్ మీద ప్రసారం చేసింది. మీడియం వేవ్ అంటే మామూలు ట్రాన్సిస్టర్‌కు కూడా అందేది. పాలేరు చేతిలో వుండే చవక రేడియోకు అంతకన్నా దగ్గర దారి లేదు. కాథలిక్కుల రేడియో వెరితాస్ 1969లో మనీలాలో మొదలయింది. దాని నిర్మాణానికి పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ధనం యిచ్చింది. ప్రచ్ఛన్నయుద్ధం ముదిరివున్న ఆ రోజుల్లో ఆసియా అంతటికీ వినిపించే ట్రాన్స్‌మిటర్‌కు వొక రాజ్యం వూరికే డబ్బు యివ్వదు. విదేశీ ధనం మాటకు నేను చూపిస్తానన్న సాక్ష్యం యిదే.

అయితే చరిత్ర మన సూత్రాలకు వొదిగి కూర్చోదు. అదే వెరితాస్ పేరుగల మనీలా దేశీయ కేంద్రం 1986 ఫిబ్రవరిలో కార్డినల్ సిన్ పిలుపును ప్రసారం చేసి లక్షలాది జనాన్ని వీధుల్లోకి రప్పించింది. మార్కోస్ నియంతృత్వం కూలడంలో దాని పాత్రను యెవరూ కాదనరు. ఫిలిప్పీన్సు ప్రజలకు వాళ్ల రేడియో అవసరమైన గంటలో అవసరమైన మాట చెప్పగలిగింది. మనీలా నుంచే వచ్చిన తెలుగు ప్రసారానికి ఆ అవకాశం వుండేదా?

అది యెలా నడిచేదో చూస్తే జవాబు తెలుస్తుంది. తెలుగు కార్యక్రమం తయారయ్యేది సికిందరాబాదులోని అమృతవాణిలో. యిక్కడి గొంతు, యిక్కడి హార్మోనియం, యిక్కడి వ్యాఖ్యానం టేపు మీదికెక్కి సముద్రం దాటి మనీలా పోవాలి. అక్కడి నుంచి షార్ట్ వేవ్ మీద తిరిగి తెలుగుదేశం చేరాలి. సికిందరాబాదులో పలికిన మాట దుండిగల్ చేరడానికి ఫిలిప్పీన్సు చుట్టి రావలసి వచ్చింది! యీ ప్రయాణమే ఆ మాట స్వభావాన్ని నిర్ణయించింది. ముందెప్పుడో రికార్డయి, తరవాతెప్పుడో వినిపించే ప్రసంగంలో యివాళ్టి సంగతి వుండదు. నిత్యమైనదీ, యెప్పుడు విన్నా చెల్లేదీ మాత్రమే వుంటుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు బతికినవాళ్లు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో యెనిమిదిమంది దళితులను నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ రెండు వూళ్ల దళితుల్లోనూ క్రైస్తవులు చాలామంది. వాళ్ల యిళ్లలో ఆ రాత్రి యే రేడియో అయినా మోగి వుంటే, అందులోని ఓదార్పు ఆ రాత్రి తెలియకముందే పలికిన ఓదార్పు. దోషం ప్రసంగీకుడిది కాదు, యంత్రాంగానిది; కాని యంత్రాంగాన్ని అలా తిప్పిందెవరు? గాలిని బిగించి పట్టుకున్న ప్రభుత్వమూ, గాలిని బయట కొనుక్కున్న మిషనూ, యిద్దరూ.

యింత దూరపు గొంతును మరి యెందుకు విన్నారు? యిక్కడ నేను కొంచెం ఆగదలచుకున్నాను. వేదం చెవినపడిన శూద్రుడి చెవిలో సీసం పోయమన్న ధర్మసూత్రాలు పుట్టిన నేల మీద, ఆ శూద్రుడికన్నా కిందికి తోసిన కులాల చెవికి వొక గ్రంథం వాళ్ల భాషలో, వాళ్ల యింట్లో, వాళ్లను ఉద్దేశించి వినపడటం చిన్న విషయం కాదు. చదువురాని తల్లికి అచ్చు పుస్తకం చెయ్యలేని పని రేడియో చేసింది.

రెండవ కారణం మరింత లౌకికమైనది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులస్థుడిగా గుర్తించబోమన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవం పుచ్చుకున్న దళితుణ్ణి వెనకబడిన తరగతుల్లో సి గుంపుగా పెట్టి వొక్క శాతం విదిల్చారు. వెలి మాత్రం అలాగే వున్నది, గుడిసె అక్కడే వున్నది. కాగితం మీద కులం పోయింది. కాబట్టి కాగితంలో హిందువుగా, ఆదివారం క్రైస్తవుడుగా బతికే కుటుంబాలు తెలుగుదేశమంతటా వున్నాయి. యీ సంగతి తెలిసీ తెలియనట్టు నటించడం అధికార్లకూ అలవాటే, మనకూ అలవాటే. యిటువంటి కుటుంబానికి చర్చి కన్నా రేడియో సురక్షితమైన చోటు. రేడియో బాప్తిస్మ రిజిస్టరు పెట్టదు. తలుపు వేసుకొని వింటే విన్నట్టు యెవరికీ తెలియదు. వొక దుర్మార్గపు ఉత్తర్వు వల్ల బయట నోరువిప్పలేని విశ్వాసానికి రేడియో నాలుగు గోడలయింది. ప్రచారకుల పథకంలో యిది వున్నదో లేదో గాని శ్రోతల జీవితంలో వున్నది.

ప్రసారకేంద్రాలకు మాత్రం శ్రోత అంటే ఉత్తరం. శ్రోతలున్నట్టు దాతలకు రుజువు చూపాలంటే ఉత్తరాలే లెక్క. అందుకే ప్రతి కార్యక్రమం చివర చిరునామా, రాస్తే వుచితంగా పుస్తకం, బైబిలు పాఠాల కోర్సు. ఉత్తరం వచ్చిందంటే వొక అంకె పెరిగింది. అందులో యేమి రాసివున్నదన్నది తరవాతి మాట. పాఠం చెప్పే కోర్సుకు ప్రశ్న వేసే విద్యార్థితో పని తక్కువ; ఖాళీలు పూరించేవాడితోనే పని.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో వున్న తెలుగు న్యాయమూర్తి జీవన్ రెడ్డి, ప్రజల ఆస్తి అంటే ప్రైవేటు కంపెనీల ఆస్తి అని అర్థం కాదనీ, దాన్ని ప్రజాప్రయోజనానికే వాడాలనీ విడిగా హెచ్చరించాడు కూడా. హెచ్చరిక పుస్తకంలో వుండిపోయింది, ఆస్తి మార్కెట్టుకు పోయింది. ఎఫ్.ఎం. రేడియో నియమాలు మతసంస్థలకు లైసెన్సు యివ్వరాదన్నాయి. ఉపగ్రహ టీవీకి అటువంటి అడ్డు రాలేదు. ముందు మామూలు తెలుగు చానళ్లు తెల్లవారుజాము అరగంటలను అమ్మడం మొదలుపెట్టాయి. తరవాత శుభవార్త, ఆరాధన, రక్ష, కల్వరి అంటూ ప్రత్యేక చానళ్లే వచ్చాయి. పాట్ రాబర్ట్‌సన్ స్థాపించిన అమెరికా సంస్థ సి.బి.ఎన్. హైదరాబాదులో కార్యాలయం తెరిచింది. యిది క్రైస్తవులకే పరిమితమైన రోగమనుకుంటే పొరపాటు. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల దేవస్థానం వారి ఎస్.వి.బి.సి. వచ్చాయి. వొకే డిష్ మీద దేవుళ్లందరూ పక్కపక్క అంకెల్లో కూర్చున్నారు. తేడా యెక్కడంటే, దేవస్థానానికి హుండీ వున్నది. సొంత చానలు లేని చిన్న పాస్టరు మాత్రం అరగంటకు అద్దె కట్టాలి. ఆ అద్దె విదేశం నుంచి రాకపోతే కూలివాడి జేబులోంచి రావాలి. తెర అడుగున పరుగెత్తే ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు వెనక వున్న అర్థశాస్త్రం యిదే. విదేశీ ధనం గురించి అరిచే మనం, స్వదేశీ కూలిడబ్బు యిలా పోతున్నదని గమనించామా?

నేను తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక భాషను గురించి వొక మాట. పందొమ్మిదో శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి క్రీస్తును రాగతాళాలతో తెలుగు కీర్తనలోకి దించాడు. ఆ పాట పల్లెలో భజనగా నిలిచింది. ప్రసంగభాషకు అటువంటి అదృష్టం పట్టలేదు. దొర వొక వాక్యం అంటే పక్కనున్న దుబాసీ వొక వాక్యం అనడం, మళ్లీ దొర, మళ్లీ దుబాసీ. యీ సభల అలవాటు మన ప్రసంగీకుడి గొంతులో యెంతగా జీర్ణించిందంటే, దొర లేనప్పుడు కూడా ఆయన చిన్న చిన్న ముక్కల్లో, ఆగి ఆగి, తన మాటకు తానే అనువాదం చెబుతున్నట్టు పలుకుతాడు. దానికి తోడు పాత బైబిలు అనువాదపు గ్రాంథికం. గిడుగు రామమూర్తి తెచ్చిన వాడుకభాష బడిలోకి వచ్చింది, పత్రికలోకి వచ్చింది, టీవీ వార్తలోకీ వచ్చింది. టీవీ ప్రసంగపీఠం మీదికి యింకా సగమే యెక్కింది. దుండిగల్ మనిషి మాట్లాడే తెలంగాణ తెలుగు అయితే అక్కడ పాపక్షమాపణ సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రమే వినిపిస్తుంది. దేవుడి మాట వొక తెలుగు, పాపి మాట మరొక తెలుగు.

యింకో రకం ప్రసారం సాధ్యమేనని చూపిన చోటు మనకు దూరం కాదు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళలు, చాలామంది దళితులు, యునెస్కో సాయంతో 1998లోనే రేడియో కేంద్రం సిద్ధం చేసుకున్నారు. ప్రభుత్వం పదేళ్లు లైసెన్సు యివ్వలేదు. ఆ పదేళ్లూ వాళ్లు టేపులు రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరు నుంచి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. విత్తనం, వంట, పాట, రోగం, వాళ్ల యాసలోనే. అమృతవాణి టేపుకు మనీలా పోవడానికి దారి దొరికింది. పస్తాపూరు టేపుకు పక్క వూరికి పోవడానికి దారి దొరకలేదు. యిది కూడా గాలి చరిత్రలో భాగమే. సంఘం రేడియోను మనం మెచ్చుకున్నాం గాని అటువంటివి ఊరూరా కావాలని పోరాడలేదు. ఖాళీగా వున్న చెవిలో యెవరో వొకరు మాట్లాడతారు.

2018 జూన్ ఆఖరుతో వెరితాస్ షార్ట్ వేవ్ ఆగిపోయి ప్రసారం ఇంటర్నెట్‌కు మారింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చిలు మూతపడగానే సేవకులందరూ ఫోనులోకి మారారు. వొకప్పుడు దీవిలో స్తంభాలు నాటితే గాని సాధ్యం కాని పని యిప్పుడు పల్లె పాస్టరు వెదురు కర్రకు ఫోను కట్టి చేస్తున్నాడు. అద్దె లేదు, టేపు లేదు.

మా కాలేజీలో చదివిన వొక అమ్మాయిది దుండిగల్ అవతలి వూరు. ఆమె నాయనమ్మ యిరవై యేళ్లకు పైగా రేడియో వాక్యం విన్న మనిషి. చదువు రాదు. నేను పోయినప్పుడు రేకు పెట్టెలోంచి వొక ప్రసారసంస్థ పంపిన జవాబు కార్డు, చిన్న పుస్తకం తీసి చూపించింది. తన ఉత్తరంలో యేమి రాయించావమ్మా అని అడిగాను. కొడుక్కి ఆఫీసులో షెడ్యూల్డు కులం కాగితం యియ్యలేదనీ, పక్కింటివాళ్ల కొడుక్కి యిచ్చారనీ, ప్రభువు దగ్గర యీ తేడా యెందుకున్నదో రేడియోలో చెప్పండయ్యా అనీ యెదురింటి పిల్లవాడిచేత రాయించిందట. జవాబు కార్డు మీద, మీ కోసం ప్రార్థిస్తున్నాము అని అచ్చువేసి వుంది. కింద ఆమె పేరు మాత్రం చేత్తో రాశారు.

రేడియో యిప్పుడు పనిచెయ్యదు. మనవరాలు ఫోనులో ప్రసంగం పెట్టి చెవి దగ్గర వుంచుతుంది. ప్రసంగం కింద అభిప్రాయం రాసే చోటు వుంటుంది నాయనమ్మా, ఆ ప్రశ్న యిప్పుడు నేను రాస్తాను అన్నదట మనవరాలు.

"వద్దు బిడ్డా" అన్నదామె. "యిందుల రాస్తే ఊరంత చూస్తరు. నీకు కాగితం రావాలె గద."